నల్గొండ డాబా మీద నాలుగు బీర్లు, పోర్చుగీసు వంటలు

మన నల్గొండలో ఏ వైన్స్ ముందు నిలబడినా రెండే ప్రశ్నలు వినిపిస్తాయి, "స్ట్రాంగా లైటా?", "కూలింగ్ ఉందా?". బీరుకు వాసన ఉంటుందని, ఒక్కో రకానికి ఒక్కో రుచి ఉంటుందని, సరైన తిండి పక్కన పెట్టుకుంటే రెండింటి రుచీ పెరుగుతుందని మాట్లాడేవాళ్లు తక్కువ. కానీ ఇదే మనుషులు పోతుతాడు కల్లుకూ పండుతాడు కల్లుకూ తేడా ఒక్క గుక్కలో చెప్తారు, పొద్దున దించిన ఈతకల్లు తియ్యగా ఎందుకుంటుందో, ఎండెక్కేసరికి ఎందుకు పులుస్తుందో వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. అంత నాలుక ఉన్నవాళ్లకు క్రాఫ్ట్ బీరు రుచి చూడటం కష్టమేమీ కాదు. నాలుగు రకాలు తెచ్చి, మసాలా తగ్గించి వండి, నిదానంగా కూర్చుంటే సాయంత్రం దానంతటదే నడుస్తుంది.

మసాలా తగ్గించడం అన్నాను కదా, ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన మాట అదే. నేను మొదటిసారి ఇంట్లో ఇలా పెట్టుకున్నప్పుడు మన పద్ధతిలో అల్లం వెల్లుల్లి, గరం మసాలా, నిండుగా కారం వేసి చికెన్ ఫ్రై చేసి, దాని పక్కన ఐపీఏ అనే బాగా చేదుగా ఉండే బీరు తెరిచాను. నోరు మండిపోయింది, చేదు రెట్టింపైంది, ఆ తర్వాత తెరిచిన గోధుమ బీరు నీళ్లలాగా అనిపించింది. కారం, చేదు ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి, ఆల్కహాల్ ఆ మంటను ఇంకా పెంచుతుంది. అప్పటినుంచి పోర్చుగీసు వంటల వైపు తిరిగాను. వాళ్ల వంటలో ఉప్పు, వెల్లుల్లి, నిమ్మరసం, ఆలివ్ నూనె, బొగ్గుల సెగ ఉంటాయి, పొడుల మసాలా చాలా తక్కువ. బీరు రుచికి అడ్డం పడేది ఏదీ ఉండదు.

వాళ్లు మనకు బొత్తిగా పరాయివాళ్లు కూడా కాదు. వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాడు, 1510లో గోవా పోర్చుగీసు వాళ్ల చేతికి వచ్చింది, అమెరికా ఖండంలో పుట్టిన మిరపకాయ వాళ్ల ఓడల్లోనే మన దేశానికి దిగింది. మనం రోజూ అనే తువాలు, మేస్త్రీ, అనాస వాళ్ల భాషలోంచి వచ్చిన మాటలే, ఇస్త్రీ కూడా అక్కడిదే అంటారు.

ముందుగా ఏ రోజు కూర్చోవాలన్నది చూసుకోవాలి. శనివారం, శ్రావణం, కార్తీకం నీసు తినని వాళ్లు మన స్నేహితుల్లో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఒకసారి అడిగి పెట్టుకోండి. అక్టోబర్ 2న, ఎన్నికలప్పుడు వైన్స్ మూసి ఉంటాయి. డిసెంబర్, జనవరి అయితే డాబా మీద చల్లగా ఉంటుంది, గ్లాసులో బీరు త్వరగా వేడెక్కదు. ఆరుగురు సరైన సంఖ్య. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండినవాళ్లకే మందు, కాబట్టి ఇంట్లో కాలేజీ పిల్లలుంటే వాళ్లకు నిమ్మకాయ సోడా. ఇంకో సంగతి, బండి మీద వచ్చినవాళ్లు ఆ రాత్రి బండి తీయకూడదు. పరుపులు ముందే దించి పెట్టండి, లేదంటే తాగని వాళ్ల కారులో ఇంటికి పంపండి, ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

ఇక బీర్లు. క్రాఫ్ట్ బీరు అంటే చిన్న సంస్థలు తక్కువ మోతాదులో, రుచి మీద దృష్టి పెట్టి కాచేది. కింద చెప్పే హోగార్డెన్, గిన్నెస్ పెద్ద కంపెనీలవే, అయినా ఆ రకాల రుచి తెలియడానికి పనికొస్తాయి. మన ఊరి వైన్స్‌లో రకాలు తక్కువగా దొరుకుతాయి, వంద కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్ ఉంది కాబట్టి అక్కడికి పని మీద వెళ్లినప్పుడు పెద్ద షాపులో తెచ్చుకోండి. నాలుగు రకాలు చాలు: ఒక లేత లాగర్ (మనం మామూలుగా తాగే బీరు రకం), ఒక గోధుమ బీరు, ఒక పేల్ ఏల్ (కాస్త చేదు ఎక్కువుండే రకం), ఒక స్టౌట్. గోధుమ బీరులో హోగార్డెన్, బిరా వైట్ చాలామంది విన్నవే. హోగార్డెన్ బెల్జియం రకం, అందులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు, ధనియాల వాసన మన ముక్కు వెంటనే పట్టేస్తుంది. జర్మన్ రకం గోధుమ బీరు దొరికితే అందులో అరటిపండు, లవంగం వాసన వస్తుంది, అరటిపండు గానీ లవంగం గానీ ఎవరూ వేయరు, అదంతా బీరును పులియబెట్టే ఈస్ట్ చేసే పని. స్టౌట్ అంటే బాగా వేయించిన గింజలతో చేసే నల్ల బీరు, గిన్నెస్ లాంటిది, దొరక్కపోతే వదిలేసి మూడింటితోనే కూర్చోండి. ఐపీఏ మాత్రం ఈ వంటలతో వద్దు. చేదును కొలిచే ఐబీయూ లెక్కలో గోధుమ బీరు 10, 15 దగ్గర ఉంటే పేల్ ఏల్ 30 నుంచి 50 మధ్య ఉంటుంది, ఐపీఏ 70 దాకా పోతుంది. కారం తగిలే వంట పక్కన పేల్ ఏల్ చేదే ఎక్కువ.

కొనేటప్పుడు సీసా మీద తయారైన తేదీ చూడండి. బీరుకు చేదు, వాసన ఇచ్చేవి హాప్స్ అనే పువ్వులు, వాటి వాసన రోజులు గడిచేకొద్దీ పోతుంది, పేల్ ఏల్ ఎంత కొత్తదైతే అంత మంచిది. షాపు ముందు ఎండలో పేర్చిన కేసులోంచి తీసిస్తే వద్దనండి, వెలుతురు తగిలితే హాప్స్‌లోని పదార్థాలు మారిపోయి గబ్బు వాసన వస్తుంది, ఆకుపచ్చ సీసా, తెల్ల సీసా త్వరగా పాడవుతాయి, గోధుమరంగు సీసా కొంత కాపాడుతుంది. తెచ్చేటప్పుడు కారు డిక్కీలో ఊరికే పడేయకుండా ఐస్ బాక్సులో పెట్టుకోండి.

ఎంత కొనాలి? 650 మి.లీ. సీసా ఆరుగురికి పంచితే తలా వంద మి.లీ. దాటుతుంది, రుచి చూడటానికి అది సరిపోతుంది. నాలుగు రకాలకు నాలుగు సీసాలు, అందరికీ నచ్చినదాన్ని తర్వాత మళ్లీ తెరవడానికి ఇంకో రెండు. "అన్నా, ఇంతేనా?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మొదటి రౌండ్ అయ్యాక అడగమనండి.

వంటల్లో నేను ఎక్కువ శ్రమ పెట్టేది చేప మీద. పోర్చుగల్‌లో ఉప్పు వేసి ఎండబెట్టిన కాడ్ చేపను బకల్యావ్ అంటారు, దాన్ని నానబెట్టి, ఉడికించి, బంగాళాదుంపతో కలిపి ఉండలుగా వేయిస్తారు. ఆ చేప మనకు దొరకదు. మన ఎండు చేపలతో చేద్దామా అంటే వాసన ఘాటెక్కి బీరును మింగేస్తుంది. నేను కొర్రమీనుతో చేస్తాను, సాగర్ చేప నల్గొండకు వస్తుంది, పాలమూరు వైపు ఉన్నవాళ్లకు జూరాల చేప ఉంది. అరకిలో కొర్రమీను ముక్కలకు రెండు పెద్ద చెంచాల దొడ్డుప్పు పట్టించి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. నీరు వదిలి కండ గట్టిపడుతుంది, అదే మనకు కావాల్సింది. పొద్దున ఆ నీళ్లు పారబోసి, కడిగి, గంటసేపు మంచినీళ్లలో నానబెట్టి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చండి. తర్వాత పది నిమిషాలు ఉడికించి ముళ్లు తీసి, చేతులతో పీచులు పీచులుగా చిదమాలి. అంతే బరువు బంగాళాదుంపలు తొక్కతోనే ఉడకబెట్టండి, తొక్క తీసి ఉడికిస్తే నీళ్లు పీల్చి ముద్ద జారిపోతుంది. సన్నగా తరిగిన ఒక ఉల్లిగడ్డ, గుప్పెడు కొత్తిమీర, మిరియాల పొడి, రెండు గుడ్లు వేసి కలపండి, ఉప్పు రుచి చూశాకే వేయండి. అక్కడ చాలాచోట్ల ఇందులో పార్స్లీ వేస్తారు, దక్షిణాన అలెంతెజు ప్రాంతంలో మాత్రం కొత్తిమీర వాడకం బాగా ఎక్కువ, కాబట్టి మనం వేస్తే తప్పేం లేదు. రెండు చెంచాలతో కోడిగుడ్డు ఆకారంలో తిప్పి మధ్యస్థం మంట మీద ఎర్రగా వేయించండి.

శాకాహారులకు బీన్స్ బజ్జీ. పోర్చుగీసులో దీని పేరుకు అర్థం తోటలోని చిన్న చేపలు, మాంసం తినని ఉపవాస దినాల్లో చేసుకునేవాళ్లు. 16వ శతాబ్దంలో ఈ వేపుడు పద్ధతి వాళ్లతో జపాన్ వెళ్లి అక్కడ తెంపురా అయిందని చెప్తారు. లేత బీన్స్ రెండు నిమిషాలు ఉడికించి ఆరబెట్టి, మైదాలో ఉప్పు, మిరియాలు, చల్లటి లాగర్ పోసి జారుగా కలిపి ముంచి వేయించాలి, బీరులోని గ్యాస్ వల్ల పైపొర కరకరలాడుతుంది. శనగపిండి, వాము జోలికి పోకండి. అసలు వంటలో గుడ్డు ఉంటుంది, మనం వదిలేద్దాం. నూనె మాత్రం చేపకు వాడింది వాడకూడదు, వేరే మూకుడు పెట్టండి.

పిరిపిరి చికెన్ అసలు సందడి. పిరిపిరి అనేది ఆఫ్రికా మాట, మొజాంబిక్, అంగోలా పోర్చుగీసు పాలనలో ఉన్నప్పుడు ఆ చిన్న మిరపకాయ రుచి వాళ్ల వంటలోకి ఎక్కింది. కిలో చొప్పున రెండు కోళ్లు స్కిన్‌తో ఇవ్వమనండి, స్కిన్‌లెస్ అయితే బొగ్గుల మీద ఎండిపోతుంది. వీపు ఎముక తీయించి పుస్తకంలా పరిచేలా కోయించండి. పది బ్యాడిగి మిరపకాయలు గింజలు తీసి, రెండు మూడు మామూలు ఎండుమిర్చి కలిపి వేడినీళ్లలో నానబెట్టి, పన్నెండు వెల్లుల్లి రెబ్బలు, రెండు నిమ్మకాయల రసం, చెంచా వెనిగర్, అరకప్పు నూనె, నాలుగు చిన్న చెంచాల ఉప్పుతో మెత్తగా రుబ్బండి. ఆలివ్ నూనె లేకపోతే పల్లి నూనె బాగుంటుంది. నాకు ఇందులో మన బత్తాయి తొక్కను పైపైన తురిమి వేయడం ఇష్టం, తెల్లపొర తగలకుండా తురమాలి, లేదంటే చేదొస్తుంది. రుబ్బినదాంట్లో నాలుగో వంతు పక్కకు తీసి, మిగతాది కోళ్లకు పట్టించి నాలుగు గంటలు ఉంచండి. రాత్రంతా ఉంచితే నిమ్మరసానికి కండ పిండిలా అయిపోతుంది.

బొగ్గులు ఇస్త్రీ చేసే వాళ్ల దగ్గర అడిగితే ఎక్కడ దొరుకుతాయో చెప్తారు. మంట ఆరి బొగ్గు మీద తెల్లగా బూడిద పట్టాకే కోడి పెట్టాలి, ఎముక వైపు ముందు కిందకు. నలభై నిమిషాలు పడుతుంది, మధ్యమధ్య తిప్పుతూ పక్కకు తీసిన ముద్ద పూయండి, చివరి పదినిమిషాలు చర్మం వైపు. తొడ దగ్గర గుచ్చితే తెల్లటి రసం రావాలి, ఎర్రగా వస్తే ఇంకాసేపు.

తీపికి అరోజ్ దోస్, అంటే వాళ్ల పరమాన్నం. బియ్యం పాలల్లో నిమ్మతొక్క ముక్క వేసి మెత్తగా ఉడికించి, చక్కెర కలిపి, వెడల్పు పళ్లెంలో పోసి పైన దాల్చినచెక్క పొడి చల్లుతారు. మధ్యాహ్నమే చేసి చల్లార్చండి.

వరస తప్పకూడదు, లేత నుంచి చిక్కటికి వెళ్లాలి. లిస్బన్ బార్లలో బీరుతో త్రెమోసు అనే ఉప్పునీటి గింజలు పెడతారు, తొక్క తీసుకుంటూ తినేవి. మనం వాటి బదులు ఉప్పేసి ఉడికించిన పాలమూరు పల్లికాయ పెడదాం, వాటితోపాటు బీన్స్ బజ్జీ, మొదటి గ్లాసు లాగర్. రెండోది గోధుమ బీరు, చేప ఉండలతో. ఈ జత నాకు అన్నిటికంటే ఇష్టం, బీరులోని నారింజ వాసన చేపకు నిమ్మకాయ పిండినట్టు తగులుతుంది, గ్యాస్ నాలుక మీది నూనెను కడిగేస్తుంది. మూడోది పేల్ ఏల్, చికెన్‌తో, మాడిన చర్మం రుచీ, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు) రుచీ బాగా కలుస్తాయి. ఎవరికైనా కారం ఎక్కువనిపిస్తే పేల్ ఏల్ పక్కన పెట్టి గోధుమ బీరే పోయండి. చివర స్టౌట్, పరమాన్నంతో, కాఫీలాంటి ఆ చేదు పక్కన తీపి ఎంత బాగుంటుందో తాగినవాళ్లకే తెలుస్తుంది.

లాగర్ 5 డిగ్రీల దగ్గర ఇవ్వండి, గోధుమ బీరు కూడా దాదాపు అంతే. పేల్ ఏల్ తాగే ముందు పది నిమిషాలు, స్టౌట్ ఇరవై నిమిషాలు ఫ్రిజ్ బయట పెట్టండి, గడ్డకట్టే చల్లదనంలో వాటి వాసన తెలియదు. గాజు గ్లాసులే వాడండి, సబ్బు జిడ్డు పోయేలా కడగాలి, జిడ్డుంటే నురుగు నిలవదు. వంచి పోసి, చివర నిలబెట్టి రెండు వేళ్ల నురుగు రానివ్వండి. ముందు రంగు చూడండి, వాసన పీల్చండి, చిన్న గుక్క తీసుకోండి, తర్వాత ఒక ముద్ద తిని మళ్లీ ఇంకో గుక్క. ఆ రెండో గుక్కలో ఏం మారిందో ఒక్కొక్కరినీ అడగండి, ఒకరు బత్తాయి అంటారు, ఇంకొకరు వాన పడ్డ మట్టి అంటారు, ఎవరి మాట వాళ్లను చెప్పనివ్వండి. మధ్యలో మంచినీళ్లు, ఏమీ రాయని పావు రొట్టె ముక్క ఉంటే నాలుక శుభ్రపడుతుంది. ఒక్కో జతకు అరగంట ఇస్తే ఏడింటికి మొదలుపెట్టినవాళ్లు ఎనిమిదిన్నరకు తీపి దగ్గరికి వస్తారు.

చేప ముద్ద కొంచెం మిగిలేలా ఎక్కువే కలపండి. ఫ్రిజ్‌లో పెడితే మరుసటి పొద్దున పరుపుల మీంచి లేచిన వాళ్లకు టీతో వేడివేడిగా వేయించి పెట్టొచ్చు.