పెట్ స్కాన్ రిపోర్టు చదవడం – 4వ పాఠం: మెడ దగ్గరి వెలుగు

మెదడు, మూత్రాశయం స్కాన్‌లో ఎందుకు వెలుగుతాయో పోయిన పాఠంలో చూశాం. ఈసారిది అంత సులువు కాదు. కాలర్ ఎముకల పైన, మెడకు అటూ ఇటూ, వెన్నుపూసల పక్కన కనిపించే వెలుగు సంగతి. క్యాన్సర్ పాకితే వెలిగే లింఫ్ గ్రంథులు ఉండేదీ అక్కడే, బ్రౌన్ ఫ్యాట్, అంటే గోధుమ రంగు కొవ్వు, ఉండేదీ అక్కడే.

ఈ బ్రౌన్ ఫ్యాట్ పొట్ట చుట్టూ పేరుకునే తెల్ల కొవ్వు కాదు. తెల్ల కొవ్వు కణంలో ఒకటే పెద్ద నూనె బొట్టు ఉంటుంది. ఇందులో చిన్న బొట్లు బోలెడు, వాటి మధ్య కిక్కిరిసి మైటోకాండ్రియా, అంటే కణానికి శక్తినిచ్చే చిన్న భాగాలు. ఆ గోధుమ రంగు మైటోకాండ్రియాలోని ఇనుము వల్ల వచ్చిందే. మిగతా కణాల్లో అవి ఏటీపీ, అంటే కణం వాడుకునే ఇంధనం, తయారుచేస్తాయి. ఇక్కడ యూసీపీ1 అనే ప్రొటీన్ మధ్యలో గండి కొడుతుంది. మర తిప్పాల్సిన నీళ్ళు గండిలోంచి పోయినట్టు, శక్తి కాస్తా వేడిగా పోతుంది. అలా మండేటప్పుడు గ్లూకోజును కూడా లాగేసుకుంటుంది. స్కాన్‌కు ముందు ఎక్కించే మందు గ్లూకోజు లాంటిదే, అది ఎక్కడ చేరితే అక్కడ వెలుగు.

పసిపిల్లలకే ఇది ఉంటుందని, పెద్దయ్యాక పోతుందని చాలాకాలం అనుకున్నారు. 2009లో వచ్చిన అధ్యయనాలతో ఆ మాట మారింది. వేరే కారణాలకు తీసిన స్కాన్లు తిరగేస్తే ఆడవాళ్ళలో 7.5 శాతం మందికి, మగవాళ్ళలో 3.1 శాతం మందికి కనిపించింది. 24 మంది కుర్రాళ్ళను చల్లటి గదిలో ఉంచి చూస్తే మాత్రం 23 మందిలో వెలిగింది. అంటే చాలామందిలో ఉంది, పని పడక ఊరుకుంది.

బెజవాడ ఎండల్లో దానికి పనేముంది అంటారా? ఆటో దిగి సూర్యారావుపేటలో ఏ స్కాన్ సెంటర్లోనో, పరగడుపున, పల్చటి గౌనులో, ఏసీ కింద గంటసేపు కూర్చుని చూడండి.

నేనూ బోల్తాపడ్డాను. మేనకోడలి ఫిల్ములో రెండు వైపులా వెలుగు చూసి, రిపోర్టు రాకముందే "పాకినట్టుందక్కా" అనేశాను. ఆ రాత్రి అక్క అన్నం ముట్టలేదు. మర్నాడు రిపోర్టులో బ్రౌన్ ఫ్యాట్ అని ఉంది. నోరు జారినందుకు ఇప్పటికీ సిగ్గే. చదవడం నేర్చుకోండి, తేల్చి చెప్పే పని డాక్టరుకు వదిలేయండి.

చదివేటప్పుడు ముందు 'సిమెట్రికల్' అనే మాట ఉందేమో వెతకండి. రెండు వైపులా సమానంగా ఉంటే బ్రౌన్ ఫ్యాట్ కావచ్చు. అక్కడితో ఆగకండి, గ్రంథులు కూడా రెండు వైపులా వాయగలవు. అసలు సాక్ష్యం పెట్‌తో పాటే తీసే సీటీ బొమ్మ. వెలుగున్న చోటే సీటీలో నల్లగా, హౌన్స్‌ఫీల్డ్ అంకె (సీటీలో సాంద్రత కొలత) మైనస్ 100 దరిదాపుల్లో ఉంటే అది కొవ్వు. అదే చోట చిక్కుడు గింజలా బూడిదరంగు ముద్ద ఉంటే గ్రంథి. అనుమానం తీరకపోతే మళ్ళీ తీస్తారు. ఈసారి ముందే దుప్పటి కప్పి వెచ్చగా ఉంచుతారు, కొందరికి ప్రొప్రనలాల్ మాత్ర ఇస్తారు. నరాల నుంచి కొవ్వుకు వెళ్ళే కబురును అది ఆపుతుంది.

ఈ వారం అభ్యాసం: మీ దగ్గరున్న రిపోర్టులో 'సుప్రాక్లావిక్యులర్' (కాలర్ ఎముక పైన) అన్న మాట ఉన్న వాక్యాలు గీతగీసి, పక్కన సీటీ ఏం చెప్పిందో రాయండి. వచ్చే పాఠంలో, బిగబట్టిన కండరాలు ఎందుకు వెలుగుతాయో చూద్దాం.