కర్నూలులో చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసు: కొత్తగా చేరినవాళ్లతో మొదటి నెల

సొంతంగా ఆఫీసు తెరవబోయే పిల్లలు నన్ను ముందు అడిగేది ఫీజు గురించి. పని మొదలుకాకముందే దశలవారీగా కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోండి, బంధువులైనా సరే. అంతకంటే ముఖ్యం, మీ దగ్గర చేరినవాళ్లకు పని ఎలా నేర్పుతారన్నది.

మాది మిద్దె మీద రెండు గదులు, నాతో కలిపి నలుగురం. కొత్తగా ఎవరొచ్చినా మొదటి నెల కంప్యూటర్ ఇవ్వను. టేపు, నోటుబుక్కు ఇచ్చి సైటుకు పంపిస్తా. స్థలం కొలిచాక పక్కిళ్లలో పెద్దవాళ్లను ఒక్కమాట అడిగి రావాలి: "2009లో నీళ్లు ఎంతవరకు వచ్చినాయి పెద్దమ్మా?" ఆ అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరిని ముంచేసినాయి. ఆమె గోడ మీద చెయ్యి పెట్టి చూపించిన ఎత్తు మా డ్రాయింగులో ఎర్రగీత అవుతుంది. పునాది ఎంత లేపాలి, కరెంటు మీటరు ఎక్కడ పెట్టాలి, బీరువా కింది అంతస్తులోనా పైనా, అన్నీ ఆ గీత చూశాకే.

తర్వాత మేస్త్రీ దగ్గర కూర్చోబెట్టండి. "అన్నా" అని పిలిచి, చూడాలి, సలహా ఇవ్వకూడదు. నేలకు పరిచే బేతంచెర్ల బండలు ఒక్కోటి ఒక్కో మందం. కింద మాలు (సిమెంటు, ఇసుక కలిపినది) ఎక్కువ తక్కువ వేసి ఆయన మట్టం తెస్తాడు. డ్రాయింగులో ఒకే అంకె వేసి వదిలేసేవాళ్లకు అది కళ్లారా చూస్తే తప్ప తలకెక్కదు.

ఒక రోజు పల్లెలో పాత మిద్దె కొలిపించండి. మందపాటి రాతి గోడలు, దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచిన దంతెలు, పైన చవుడు మట్టి. మధ్యాహ్నం రెండింటికి గవాక్షి (వెలుతురు, గాలి కోసం కప్పులో వదిలిన కంత) కింద కూర్చుంటే చల్లగా ఉంటుంది. పగటి వేడి గోడ దాటి లోపలికి దిగేసరికి పొద్దు కుంకుతుంది. మన అవ్వాతాతలు ఎండాకాలం రాత్రుళ్లు ఆరుబయట మంచాలు వేసుకున్నది అందుకే.

నేను తొలినాళ్లలో ఒక ఇంటికి పడమట పెద్ద కిటికీలు పెట్టి, సజ్జ ఉంది కదా అనుకున్నా. ఏప్రిల్‌లో ఇంటామె ఫోన్ చేసింది: "నాలుగైతే వంటింట్లో నిలబడలేకున్నానమ్మా." సాయంత్రం ఎండ వాలుగా వస్తుంది, సజ్జకు ఆగదు. నా ఖర్చుతో కిటికీల ముందు జాలీ (కంతల గోడ) కట్టించా. ఆ డ్రాయింగు ఇప్పటికీ మా ఆఫీసు గోడకే ఉంది. శనివారం సాయంత్రం దాని కిందే కూర్చుని ఆ వారం తప్పులు చెప్పుకుంటాం, ముందు నేనే మొదలుపెడతా.

గృహప్రవేశం భోజనంతో ఇల్లు ముగిసిపోలేదు. మొదటి మే నెలలో ఒకసారి, మొదటి పెద్ద వాన మరునాడు ఒకసారి వెళ్లండి. ఆ స్థలం కొలిచిన పిల్లనో పిల్లాడినో వెంట తీసుకెళ్లండి.