కారవాన్‌లో చలి రాత్రి: ఏది వెలిగించొచ్చు, ఏది అస్సలు వెలిగించకూడదు

డిసెంబర్ వచ్చిందంటే బెంగళూరులో క్యాంపర్ వ్యాన్ అద్దెకి తీసుకుని పిల్లాజెల్లాతో ఊటీ, కొడైకెనాల్ వైపు బయల్దేరే మనవాళ్ళు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు, చాలా మంచి విషయమే. కానీ మన బెంగళూరు మారతహళ్ళి చలి వేరు, ఊటీ చలి వేరు. ఊటీ 2,240 మీటర్ల ఎత్తులో ఉంది, జనవరిలో తలైకుందా, అవలాంచి లాంటి చోట్ల తెల్లారేసరికి గడ్డంతా తెల్లగా మంచు పట్టి ఉంటుంది. వ్యాన్ అంటే రేకు, అద్దాలు, ఇంజన్ ఆపిన గంటా గంటన్నరకే లోపల వేడి అంతా పోతుంది. అప్పుడు రాత్రి రెండింటికి చలికి లేచి చేతికి ఏది దొరికితే అది వెలిగించేస్తారు చూడండి, అక్కడే ప్రాణం మీదకి వస్తుంది. అందుకే ఇది బయల్దేరకముందే చదివి పెట్టుకోండి.

ముందు వద్దన్నవి చెప్పేస్తా. బొగ్గుల కుంపటి, బార్బెక్యూ నిప్పులు, లోపల గ్యాస్ స్టవ్ వెలిగించి వదిలేయడం, ఇంజన్ ఆన్‌లో పెట్టి హీటర్ వేసుకుని పడుకోవడం, వ్యాన్‌ని ఆనుకుని జనరేటర్ నడపడం, ఇవేవీ వద్దు, కిటికీ కొంచెం తీసి పెట్టినా వద్దు. "పొగ రావట్లేదు కదా, నిప్పులు ఎర్రగా ఉన్నాయి, పర్లేదు" అని చాలామంది అంటారు, అది పూర్తిగా తప్పు, పొగ ఆగిపోయాక కూడా బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ బాగా వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ఆక్సిజన్ కన్నా 200 రెట్ల పైనే గట్టిగా రక్తంలో హిమోగ్లోబిన్‌కి అతుక్కుంటుంది. మెలకువగా ఉంటే తలనొప్పి, తల తిరగడం, వికారం తెలుస్తాయి, నిద్రలో ఉన్నవాళ్ళకి అవి కూడా తెలీవు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పట్లేదు. 2020 జనవరిలో నేపాల్ దామన్‌లో రిసార్ట్ గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని, తలుపులు కిటికీలు బిగించుకుని పడుకున్న కేరళ టూరిస్టులు 8 మంది చనిపోయారు, అందులో నలుగురు పిల్లలు. 2024 డిసెంబర్‌లో కోజికోడ్ జిల్లా వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు, జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరిందని తర్వాత తేలింది.

చిన్న పోర్టబుల్ గ్యాస్ హీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఆక్సిజన్ తగ్గితే అదే ఆగిపోతుంది అని రాసి ఉంటుంది. ఆ సెన్సర్ చూసేది ఆక్సిజన్‌ని, కార్బన్ మోనాక్సైడ్‌ని కాదు. పైగా కేజీ ఎల్‌పీజీ కాలితే దాదాపు ఒకటిన్నర లీటరు నీళ్ళు ఆవిరిగా లోపలే చేరతాయి, ఆ తేమంతా అద్దాల మీద, పరుపు కింద చేరి తెల్లారేసరికి అంతా చెమ్మ. సిలిండర్ లీకైతే గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి నేల మీదే పరుచుకుంటుంది, కింద పడుకున్నవాళ్ళ ముక్కు దగ్గర. నా అభిప్రాయం అడిగితే పడుకునే ముందు సిలిండర్ గ్యాస్‌ని రెగ్యులేటర్ దగ్గరే ఆపేసి మరీ పడుకోవాలి.

మరి రాత్రంతా నడపగలిగేది ఏంటంటే, సరిగ్గా బిగించిన డీజిల్ పార్కింగ్ హీటర్. వెబాస్టో, ఎబర్‌స్పెషర్ వాళ్ళవి పేరున్నవి, చైనా నుంచి వచ్చేవి చవక. దీంట్లో మంట మూసిన గదిలో మండుతుంది, దానికి కావాల్సిన గాలి బయటనుంచే వస్తుంది, పొగ బయటకే పోతుంది, వ్యాన్‌లో గాలి మాత్రం ఆ వేడి లోహం మీదుగా తిరిగి వెచ్చగా లోపలికి వస్తుంది, రెండూ ఎక్కడా కలవవు. 2 కిలోవాట్ల హీటర్ గంటకి పావు లీటరు లోపే డీజిల్ తాగుతుంది. ఇంత మంచిదైనా బిగించడంలోనే అంతా ఉంది. బెంగళూరు జేసీ రోడ్‌లో చేయించినా ఇంకెక్కడ చేయించినా పక్కనే నిలబడి చూడండి. హీటర్ పొగ పోయే సైలెన్సర్ పైపు వ్యాన్ అడుగునే ఆగిపోకూడదు, అంచు దాటి బయటకి రావాలి, కిటికీ కింద గానీ తలుపు పక్కన గానీ ఉండకూడదు, గాలి పీల్చే పైపుకి దూరంగా ఉండాలి. జాయింట్లన్నీ వ్యాన్ బయటే ఉండాలి, నేలలో పైపు దిగే కన్నం చుట్టూ వేడికి తట్టుకునే సీల్ ఉండాలి. పైపు బాగా కాలుతుంది కాబట్టి ఎండుగడ్డి మీద పార్క్ చేయొద్దు. ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి పల్చబడి మసి పడుతుంది, ఆల్టిట్యూడ్ సెట్టింగ్ ఉన్నది తీసుకుంటే మేలు. ఆపేటప్పుడు మెయిన్ కరెంటు పీకేయకండి, స్విచ్ నొక్కి అది చల్లబడి తనంతట తను ఆగేదాకా వదిలేయండి.

అద్దె వ్యాన్ అయితే బుక్ చేసే రోజే ఇవన్నీ అడగండి, హీటర్ ఎప్పుడు సర్వీస్ చేశారు, పైపు ఎటు తిరిగి ఉంది అని. సరిగా చెప్పకపోతే హీటర్ లేదనుకునే ప్లాన్ చేసుకోండి. వెలుగుండగా చేరితే ఇవన్నీ చూసుకోవచ్చు, ఎలాగూ ఊటీ దారిలో వచ్చే బండీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు.

క్యాంప్‌సైట్‌లో కరెంటు ఇస్తే ఆయిల్ హీటర్ బాగుంటుంది, మంట లేదు, పొగ లేదు. కాకపోతే 1500 వాట్ల హీటర్‌కి ఆరున్నర ఆంపియర్ల కరెంటు కావాలి, సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్స్ రాత్రంతా దాన్ని మోయలేదు. 16 ఆంపియర్ల సాకెట్, మందం వైరు, వైరు చుట్ట మొత్తం విప్పి పరవాలి, చుట్టలో ఉంటే వేడెక్కుతుంది. దుప్పట్లకి మూడడుగులు దూరం. ఇక బ్యాటరీ మీద రూమ్ హీటర్ అంటే లెక్క కుదరదు, 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది 1.28 యూనిట్లు, ఆ హీటర్ గంట కూడా నడవదు. అదే బ్యాటరీ మీద 50 వాట్ల 12 వోల్టుల ఎలక్ట్రిక్ దుప్పటి రాత్రంతా హాయిగా నడుస్తుంది.

అసలు నేను ముందు చేయమనేది ఇదే, వ్యాన్‌ని కాదు, మనిషిని వెచ్చగా పెట్టండి. పడుకునే ముందు ఓ అరగంట హీటర్ వేసి ఆపేసి, పక్కలు బాగా సర్దుకుంటే ఊటీ చలికి చాలు. అద్దాలకి లోపల్నుంచి ఫాయిల్ ఫోమ్ షీట్ కట్ చేసి పెట్టండి, డ్రైవర్ సీటు వెనక మందం కర్టెన్ వేయండి, పరుపు కింద యోగా మ్యాట్ అయినా పరవండి ఎందుకంటే కిందనుంచి లాగే చలే ఎక్కువ. మంకీ క్యాప్, పొడి సాక్సులు, కాళ్ళ దగ్గర గుడ్డ చుట్టిన వేడినీళ్ళ బ్యాగ్. పసిపిల్లల పక్కన మాత్రం ఆ బ్యాగ్ పెట్టొద్దు, వాళ్ళు పడుకోకముందే పక్క వెచ్చచేసి తీసేయండి. చలిగా ఉందని పైన వెంట్ మూసేయకండి, కొద్దిగా తీసే ఉంచాలి, లేకపోతే మన ఊపిరి తేమే అద్దాల మీద కారుతుంది.

ఏ హీటర్ అయినా సరే కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి, హీటర్ లేకపోయినా పెట్టండి, పక్క బండి వాళ్ళ జనరేటర్ పొగ మీ వ్యాన్‌లోకి రావచ్చు. స్మోక్ అలారం వేరు, ఇది వేరు, రెండూ కావాలి. ఈఎన్ 50291-2 (యూరప్ ప్రమాణం) అని రాసి ఉన్నది కారవాన్ల కోసం చేసింది. పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తుకి దగ్గర్లో బిగించి, బయల్దేరే రోజు టెస్ట్ బటన్ నొక్కి, వెనక ఎక్స్‌పైరీ తేదీ చూడండి, సెన్సర్‌కి ఆయుష్షు ఉంటుంది.

రాత్రి అది మోగితే ఎందుకు మోగిందా అని వెతుక్కుంటూ కూర్చోవద్దు, తలుపు తీసి అందరినీ బయటకి లాగి, అందరూ ఉన్నారో లేదో లెక్కపెట్టి, 108కి ఫోన్ చేయండి, బయట ఎంత చలి ఉన్నా లోపలికి మళ్ళీ వెళ్ళొద్దు. హాస్పిటల్‌లో "కార్బన్ మోనాక్సైడ్ అయ్యుంటుంది" అని మీరే నోరు తెరిచి చెప్పండి, వేలికి పెట్టే మామూలు ఆక్సీమీటర్ దాన్ని పట్టుకోలేదు, మనిషి పడిపోతున్నా అందులో 98 అని చూపించొచ్చు, రక్త పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.