ఎమ్యులేటర్ కొత్త వెర్షన్ వేశాక గేమ్ సౌండ్ తెగుతోందా? ముందు స్పీడ్ అంకె చూడండి

విశాఖ మద్దిలపాలెంలో నా గదికి ల్యాప్‌టాప్ పట్టుకొచ్చే కుర్రాళ్లలో చాలామందిది ఎమ్యులేటర్ (వేరే గేమ్ మెషీన్ల గేముల్ని కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్) గురించి ఒకటే మాట: "పాత వెర్షన్‌లో బాగానే ఆడేదన్నయ్యా, కొత్తది వేశాకే సౌండ్ గరగరమంటోంది." అప్పటికే సౌండ్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేసి ఉంటారు. ఆడియో సెట్టింగులన్నీ కెలికి ఉంటారు. గేమ్ ఎంత స్పీడులో నడుస్తోందో మాత్రం చూసి ఉండరు.

దయచేసి ముందు అది చూడండి. ప్లేస్టేషన్ 2 ఎమ్యులేటర్ పీసీఎస్‌ఎక్స్2లో అయితే ఆన్-స్క్రీన్ డిస్‌ప్లే సెట్టింగుల్లో స్పీడ్ శాతానికి ఒక టిక్ ఉంటుంది. డాల్ఫిన్, పీపీఎస్‌ఎస్‌పీపీ అనే ఎమ్యులేటర్లలో కూడా ఇలాంటిది ఉంది.

అంకె 100 కంటే తక్కువుంటే ఆడియోకి ఏ పాపమూ తెలియదు. ప్లేస్టేషన్ 2 సౌండుకి సెకనుకు 48,000 శాంపిళ్లు (చిన్న చిన్న సౌండ్ ముక్కలు) కావాలి. గేమ్ 80 శాతం స్పీడులో నడిస్తే తయారయ్యేవి 38,400. మిగతా 9,600 ఎక్కడి నుంచి తెస్తాం? ఎమ్యులేటర్ ఉన్నవాటినే సాగదీసి సర్దుతుంది, అందుకే పాట నీరసంగా వినిపిస్తుంది. సాగదీసినా చాలనప్పుడు తెగుతుంది.

స్పీడ్ కదలకుండా 100 దగ్గరే ఉండి సౌండ్ తెగుతుంటే అప్పుడది ఆడియో గొడవ. ఆడియో సెట్టింగుల్లో బఫర్ (వినిపించే ముందు కాస్త నిల్వ ఉంచుకునే సౌండ్) 50 మిల్లీసెకన్లు ఉంటే 100 చేయండి, బ్లూటూత్ పక్కన పెట్టి వైరు హెడ్‌ఫోన్‌తో వినండి. ఎక్కువ శాతం అక్కడితో సరిపోతుంది.

స్పీడే పడిపోతుంటే ముందు ఛార్జర్ చూడండి. కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తున్నా, వేరే ల్యాప్‌టాప్‌ది తక్కువ వాట్ల ఛార్జర్ పెట్టినా ప్రాసెసర్ నెమ్మదిస్తుంది. కాసేపు బాగా ఆడి, ఆ తర్వాత స్పీడ్ పడిపోతుంటే అది వేడి. బీచ్ వైపు ఇళ్ల నుంచి వచ్చే ల్యాప్‌టాప్‌లు విప్పితే ఫ్యాన్ వెనక సందుల్లో దుమ్ము తడి దూదిలా అట్ట కట్టి ఉంటుంది. శుభ్రం చేయించండి.

ఇవేవీ కాకపోతే, నన్ను బాగా తిప్పలు పెట్టిన కారణం ఒకటుంది.

గాజువాక నుంచి ఓ ఇంజినీరింగ్ కుర్రాడు వచ్చాడు. అదే గేమ్, అదే సేవ్, అదే రిజల్యూషన్. పాత వెర్షన్‌లో 100, కొత్తదాంట్లో 62. రెండు రాత్రులు కూర్చున్నాను. సెట్టింగులన్నీ డిఫాల్ట్‌కి తెచ్చాను, డ్రైవర్ మార్చాను. చివరికి "నీ మెషీన్‌కి కొత్తది పనికిరాదు తమ్ముడూ, పాతదే వాడుకో" అని చెప్పేశాను. ల్యాప్‌టాప్ మూసి ఇవ్వబోతూ అంచున చెయ్యి పెట్టాను. ఎడమ సందులోంచి వేడిగాలి కొడుతోంది, కుడి వైపు చల్లగా ఉంది. గ్రాఫిక్స్ కార్డు ఉన్నది కుడి వైపే. అంటే కార్డు అసలు పనే చేయడం లేదు.

కారణం ఇది. రెండు గ్రాఫిక్స్ (ప్రాసెసర్‌లోనే ఉండే చిన్నది ఒకటి, విడిగా కార్డు ఒకటి) ఉన్న ల్యాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రామ్‌ని దేనిమీద నడపాలో మనం ఒకసారి చెబితే, విండోస్ ఆ ప్రోగ్రామ్ ఫైలు ఉన్న పూర్తి దారితో సహా గుర్తుపెట్టుకుంటుంది. కొత్త వెర్షన్‌ని వేరే ఫోల్డర్‌లో విప్పితే దాని లెక్కలో అది కొత్త ప్రోగ్రామ్. పైగా పీసీఎస్‌ఎక్స్2లో ఫైలు పేరే మారిపోయింది: 2020లో వచ్చిన 1.6లో పీసీఎస్‌ఎక్స్2.ఎగ్జీ, 2024లో వచ్చిన 2.0లో పీసీఎస్‌ఎక్స్2-క్యూటీ.ఎగ్జీ. మీరు ఎప్పుడో పెట్టిన "హై పెర్ఫార్మెన్స్" పాత ఫైలు దగ్గరే ఉండిపోయింది. కొత్తది ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీద ఈడుస్తోంది. ఎక్కడా ఎర్రర్ రాదు, అందుకే దొరకదు.

గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి, పైన హెడింగ్ మీద రైట్ క్లిక్ చేసి "జీపీయూ ఇంజిన్" కాలమ్ పెట్టుకోండి (జీపీయూ అంటే గ్రాఫిక్స్ చిప్). ఎమ్యులేటర్ ఎదురుగా ఏ జీపీయూ నంబరుందో చూసి, అది ఏ కార్డో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో పోల్చుకోండి. చిన్నదని తేలితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి కొత్త ఫైలుని యాడ్ చేసి "హై పెర్ఫార్మెన్స్" ఇవ్వండి. వల్కన్‌లో గానీ డైరెక్ట్3డీలో గానీ (ఎమ్యులేటర్ బొమ్మ గీసే పద్ధతులివి) నడుపుతుంటే ఎమ్యులేటర్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో అడాప్టర్ కూడా కార్డు పేరుకి మార్చండి. ఎమ్యులేటర్ మూసి తెరవండి. ఆ కుర్రాడి అంకె వెంటనే 100కి వచ్చింది. ఇకమీదట ఫోల్డర్ మార్చిన ప్రతిసారీ ఇదే పని మళ్లీ చేయాలి.

కొత్త ఎఫెక్ట్ కనిపించినప్పుడు ఒక్క క్షణం ఆగి, రెండోసారి అదే చోట ఆగకపోతే అది షేడర్లు (బొమ్మ ఎలా గీయాలో గ్రాఫిక్స్‌కి చెప్పే చిన్న ప్రోగ్రాములు) తయారవుతున్న ఆలస్యం. వెర్షన్ మారాక కాష్ (తయారైన షేడర్లు దాచుకునే చోటు) మళ్లీ మొదటి నుంచి నిండాలి, ఆడుతుంటే పోతుంది. కాష్ డిలీట్ చేయమని ఎవరైనా చెబితే వినకండి, మళ్లీ మొదటికొస్తుంది. యాంటీవైరస్ అడ్డుపడటం, పాడైన ర్యామ్ లాంటివి ఇన్నేళ్లలో ఒకటీ అరా చూశాను, వాటి కోసం ముందే వెతక్కండి.

స్పీడ్ 100కి వచ్చాక, కంగారులో ఆడియోలో మార్చినవన్నీ డిఫాల్ట్‌కి తెచ్చేయండి. పెంచిన బఫర్ అలాగే వదిలేస్తే మీరు బటన్ నొక్కాక దెబ్బ శబ్దం ఆలస్యంగా వస్తుంది, దానికోసం మళ్లీ ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వస్తారు.