వానలు పడకముందే: వీధికుక్కల్ని ఇంటికి తెచ్చుకునే ఆడవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

ఇంకొన్ని రోజుల్లో వానలు మొదలవుతాయి, మొదలయ్యాక ఏం జరుగుద్దో మనకి తెలిసిందే. సెల్లార్‌లోకి నీళ్ళొస్తాయి, కార్ల కింద పడుకునే కుక్కలు మెట్లెక్కుతాయి, ఎవరో ఒకాయన అట్టపెట్టెలో రెండు కుక్కపిల్లల్ని తెచ్చి "మీరైతే చూసుకుంటారు కదమ్మా" అని గుమ్మం ముందు పెట్టేసి వెళ్ళిపోతాడు. ప్రతి అపార్ట్‌మెంట్‌లో "ఆ కుక్కలావిడ" అని పేరు పడినావిడ ఒకరుంటారు కదా, ఇదంతా ఆవిడ కోసమే. హైదరాబాద్ లెక్కలో రాస్తున్నా గానీ విజయవాడైనా వైజాగైనా పెద్ద తేడా ఉండదు.

అన్నిటికంటే ముందు ఇంజెక్షన్ కుక్కకి కాదు, మీకు. రోజూ వీధికుక్కల్ని ముట్టుకునేవాళ్ళు కరవకముందే రేబిస్ టీకా వేయించుకోవచ్చు, మొదటి రోజు ఒకటి, 7వ రోజు ఒకటి, 21 లేదా 28వ రోజు ఒకటి, మూడు డోసులు అంతే. ఇవి పూర్తయితే రేపెప్పుడైనా కరిచినా రెండు డోసులు (ఆ రోజు ఒకటి, 3వ రోజు ఒకటి) చాలు, ఇమ్యునోగ్లోబులిన్ (గాయంలో వేసే యాంటీబాడీల ఇంజెక్షన్) అక్కర్లేదు. మనలో చాలామంది కుక్కలన్నిటికీ కార్డులు జాగ్రత్తగా ఫైల్ చేసి పెడతారు, సొంత కార్డు మాత్రం ఉండదు. ఆ మూడు చీటీలు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, తర్వాత డాక్టర్ అడిగేది అదే.

మీకు ఆ టీకా లేనప్పుడు కుక్క కరిచిందనుకోండి, లేదా గోరు గీసుకుని రక్తం వచ్చిందనుకోండి, ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసుకుని మరీ. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి, ఏదీ పెట్టొద్దు, పక్కింటి పెద్దావిడ ఎంత చెప్పినా సరే. కుక్కని పది రోజులు చూసి అప్పుడు వెళ్దాంలే అనుకోవద్దు, టీకా ఆ రోజే మొదలుపెట్టి కుక్కని కూడా గమనిస్తూ ఉండాలి. రక్తం వచ్చిన గాయమైతే గాయంలో వేసే ఇమ్యునోగ్లోబులిన్ గురించి మీరే నోరు తెరిచి అడగండి. హైదరాబాద్‌లో నల్లకుంట ఫీవర్ హాస్పిటల్, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) రెండు చోట్లా టీకా వేస్తారు, మిగతా ఊళ్ళలో గవర్నమెంట్ హాస్పిటల్లో ఫ్రీ. పాలపళ్ళే కదా, పిల్లే కదా అని వదిలేయడం మన దగ్గర బాగా ఎక్కువ. కుక్కపిల్లలకీ రేబిస్ వస్తుంది, లక్షణాలు మొదలయ్యాక మనిషిని కాపాడే మందు లేదు.

ఇప్పుడు ఆ అట్టపెట్టె సంగతి. పిల్లలు రోడ్డు పక్కన కనిపిస్తే వెంటనే ఎత్తుకోకండి, తల్లి తిండికి వెళ్ళి ఉండొచ్చు, కాస్త దూరంగా నిలబడి గంటా రెండు గంటలు చూడండి (నీళ్ళలోనో, బండ్ల మధ్యలోనో ఉంటే వేరే సంగతి, అప్పుడు తీసేయాల్సిందే). కళ్ళు తెరవని పిల్ల తడిసి చల్లబడిపోయి ఉంటే ముందు పాలు కాదు, వెచ్చదనం. వేడినీళ్ళ సీసాకి తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి, ఒళ్ళు వెచ్చబడ్డాకే తాగించాలి, చల్లగా ఉన్న పిల్లకి పాలు అరగవు. ఆవుపాలు, గేదెపాలు పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి, పెట్ షాపుల్లో కుక్కపిల్లల పాలపొడి దొరుకుతుంది, వానలకి ముందే ఒక డబ్బా కొని పెట్టుకోండి, అర్ధరాత్రి దొరకదు. పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి తాగిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, బోర్లా ఉంచి తల కొంచెం పైకి ఉండేలా తాగించాలి. మూడు వారాల లోపు పిల్ల తనంతట తను ఒంటికి రెంటికి వెళ్ళలేదు, తడిదూదితో కింద మెల్లగా తుడవాలి, తల్లి నాకేది అందుకే.

ఇంట్లో ఆల్రెడీ కుక్కలుంటే కొత్తదాన్ని 14 రోజులు విడిగా ఉంచండి, బాత్రూమో బాల్కనీయో ఏదో ఒకటి. గిన్నె వేరే, గుడ్డ వేరే, ఆ గదిలోకి వేసుకెళ్ళే చెప్పులు కూడా వేరే. ఇదంతా పార్వో అనే వైరస్ జబ్బు అంటకుండా ఉండడం కోసం. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మన చెప్పులకి అంటుకుని ఇంటికొస్తుంది, ఫినాయిల్‌తో చావదు. మలం, మురికి అంతా తీసి కడిగాక ఒక వంతు బ్లీచ్‌కి 30 వంతుల నీళ్ళు కలిపి పోసి పది నిమిషాలు అలాగే ఉంచాలి. బ్లీచ్‌లో బాత్రూం యాసిడ్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది. పిల్ల తిండి మానేసి, వాంతులు చేసుకుని, నెత్తురుతో కంపు కొట్టే విరేచనం అయిందంటే గ్లూకోజ్ నీళ్ళు పోసి పొద్దున చూద్దాం అనుకోకండి, పొద్దున్నకి ఉండకపోవచ్చు, డ్రిప్ పెట్టే చోటికి ఆ రాత్రే తీసుకెళ్ళాలి. అందుకే మీ ఏరియాలో రాత్రి తెరిచుండే క్లినిక్ ఏదో, అక్కడ డ్రిప్ పెడతారో లేదో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. టీకా 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాలు వచ్చేదాకా 3, 4 వారాలకోసారి వేయించాలి, అవి పూర్తయ్యేదాకా పిల్లని వీధిలో నేల మీద నడిపించొద్దు. ఒక డోసు వేయించి "వ్యాక్సిన్ అయిపోయింది" అని దత్తతకి ఇచ్చేసేవాళ్ళున్నారు, దయచేసి అలా చేయకండి. రేబిస్ టీకా మూడు నెలలకి, తర్వాత బూస్టర్లు డాక్టర్ రాసిన తేదీల్లో.

వాన తేమకి పిడుదులు (గోమార్లు) విపరీతంగా పెరుగుతాయి. మీరు కుక్క ఒంటిమీద చూసేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్ళలో, సోఫా వెనకాల, తలుపు సందుల్లో ఉంటాయి, ఒక్క ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకి మందేసి ఇల్లు వదిలేస్తే వారంలో మళ్ళీ మొదటికే. నెలకోసారి ఇచ్చే మాత్రలున్నాయి, మూడు నెలలకి ఒకటి ఇచ్చేవీ ఉన్నాయి, ఫిట్స్ వచ్చే కుక్కైతే ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పండి. ఊర్నుంచి గేదెలకి కొట్టే మందు తెప్పించి పూసేవాళ్ళని చూస్తే భయమేస్తుంది నాకు, అందులోనూ ఇంట్లో పిల్లి ఉంటే అస్సలు వద్దు. కంటికి కనిపించిన పిడుదుని వేళ్ళతో నలపొద్దు, ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగి స్పిరిట్‌లో వేయండి. కుక్క డల్ అయిపోయి, చిగుళ్ళు తెల్లబడి, ముక్కు నుంచి రక్తం కారినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా టిక్ ఫీవర్ (పిడుదుల నుంచి వచ్చే జబ్బు) అయ్యుండొచ్చు, రక్తపరీక్ష చేయించండి. దానికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మామూలుగా నాలుగు వారాలు రాస్తారు, వారానికే కుక్క లేచి తింటుంది కదా అని మనవాళ్ళు ఆపేస్తారు, అది మళ్ళీ తిరగబెడుతుంది. జ్వరం ఉంది కదా అని మన మాత్రలు, పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ లాంటివి, మీ అంతట మీరు ఇవ్వొద్దు.

ఇంక వరదనీళ్ళు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో లెప్టో (లెప్టోస్పైరోసిస్ తెచ్చే బ్యాక్టీరియా) ఉంటుంది, కుక్కకి కామెర్లు వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి, మనకి కూడా అదే. ఏటా వేయించే సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ టీకాలో లెప్టో ఉందో లేదో అడిగి వేయించండి. సెల్లార్ నీళ్ళలో దిగి కుక్కల్ని తీయాల్సొస్తే గమ్‌బూట్లు, గ్లౌజులు వేసుకోండి, కాలికి పుండు ఉంటే మీరు దిగొద్దు, వేరేవాళ్ళని పిలవండి. కరెంటు స్తంభం దగ్గర కుక్క పడిపోయి ఉంటే అస్సలు ముట్టుకోవద్దు, కరెంటోళ్ళకి ఫోన్ చేసి లైన్ ఆపించాకే దగ్గరికి వెళ్ళాలి.

ఆడకుక్కలకి ఆపరేషన్ ఇప్పుడే చేయించేయండి, వానలు తగ్గుముఖం పట్టేసరికి ఎద సీజన్, రెండు నెలలకి పిల్లలు, చలికాలానికి మళ్ళీ అట్టపెట్టెలు. వీధిలో ఉండేదైతే చెవికి కత్తిరింపు ఉందేమో చూడండి, ఉంటే ఆల్రెడీ అయిపోయినట్టే.

జనం సంగతికొస్తే, తిండి పెట్టే దగ్గరే గొడవలన్నీ. 2023 ఏబీసీ రూల్స్ (వీధికుక్కల సంతాన నియంత్రణ నియమాలు) ప్రకారం కాలనీ అసోసియేషన్ ఒక చోటు చూపించాలి, అది పిల్లలు ఆడుకునే చోటుకి, మెట్లకి, గేటుకి దూరంగా ఉండాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దు, కేటాయించిన చోటే పెట్టాలి అంది. అదే ఉత్తర్వులో, దత్తత తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత తీసుకున్నవాళ్ళదే అని కూడా ఉంది, ఇది చాలామందికి తెలీదు. అసోసియేషన్‌కి లెటర్ ఇచ్చి కాపీ మీద సంతకం తీసుకోండి, ఆ ప్రెసిడెంట్ అంకుల్‌తో లిఫ్ట్‌లో వాదన పెట్టుకుంటే ఒరిగేదేం లేదు. రాత్రి పదకొండుకి ఒక్కరే వెళ్ళి తిండి పెట్టడం మానేయండి, కుక్కల వల్ల కాదు నేను చెప్పేది. ఎవడైనా వీడియో తీస్తూ వెంటపడినా బెదిరించినా 100కి గానీ 112కి గానీ చేయండి, తెలంగాణలో షీ టీమ్స్ కూడా ఉన్నాయి.

కడుపుతో ఉన్న కోడలుంటే "కుక్కలు తీసేయండి" అని పెద్దవాళ్ళు గొడవ చేస్తారు. వాళ్ళు భయపడే టాక్సోప్లాస్మా కుక్కల మలం నుంచి రాదు, పిల్లులు, సరిగ్గా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, మట్టి, వీటి నుంచి వస్తుంది. కుక్కలకి నట్టల మందు వేళకి వేయించి, చేతులు కడుక్కుంటే అత్తగారికి చెప్పడానికి మీ దగ్గర గట్టి సమాధానం ఉన్నట్టే. ఒంట్లో దురద వచ్చిన కుక్కపిల్లని మాత్రం గర్భిణీ దగ్గరికే కాదు ఎవరి దగ్గరికీ పంపొద్దు, గజ్జి మనుషులకీ అంటుకుంటుంది.

చివరికి లెక్క. ఎన్ని కుక్కలకి డాక్టర్ ఖర్చు మీరు ఒక్కరే మోయగలరో ఆ నంబర్ ఇప్పుడే, ఎండలో, ప్రశాంతంగా కూర్చుని అనుకోండి, వానలో వణుకుతున్న పిల్లని చేతిలో పెట్టుకుని అనుకుంటే నంబర్ పెరుగుతుంది. అది దాటినవి దత్తతకే. ఇచ్చేటప్పుడు ఇల్లు సొంతమా, అద్దె అయితే ఓనర్ ఒప్పుకున్నాడా, సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు చూస్తారు, ఈ మూడూ మొహమాటం లేకుండా అడగండి. "ఊళ్ళో పొలం దగ్గర వదులుతాం" అన్నారంటే ఇవ్వొద్దు. ఇచ్చిన నెలకి మీరే ఫోన్ చేయండి, ఎత్తకపోతే "అటుగా వెళ్తూ ఆగానండీ" అని చెప్పి బిస్కెట్ ప్యాకెట్‌తో ఇంటికే వెళ్ళండి.