హైదరాబాదు నుంచి అమెరికాకు కుక్కపిల్లను విమానంలో తీసుకువెళ్లాలంటే

అమెరికాలో ఉద్యోగం ఖాయమైన వెంటనే మనుషులందరికీ టికెట్లు కొనేసి, కుక్కపిల్ల సంగతి ఆఖరున చూసుకుందామనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. మేమూ అలాగే అనుకున్నాం. ఫలితంగా మా ప్రయాణం నెలన్నర వెనక్కి జరిగింది. కుక్క విషయంలో టికెట్టు అన్నిటికన్నా చివర కొనవలసినది. ముందు చూడవలసినవి దాని వయసు, గుర్తింపు కోసం చర్మం కింద పెట్టే మైక్రోచిప్పు వేయించిన తేదీ, రేబిస్ టీకా తేదీ. ఈ మూడూ సరైన వరుసలో ఉంటే మిగిలిన పనులు ఓపికతో అయిపోతాయి. వరుస తప్పితే ఎంత డబ్బు పెట్టినా పోయిన రోజులు తిరిగిరావు.

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కొత్త నిబంధనలు 2024 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఆ దేశంలో అడుగుపెట్టే ఏ కుక్కకైనా కనీసం ఆరు నెలల వయసు నిండి ఉండాలి, శరీరంలో మైక్రోచిప్పు ఉండాలి. కుక్కల ద్వారా రేబిస్ వ్యాపించే ప్రమాదం ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో భారతదేశం ఉన్నందువల్ల మన దగ్గర టీకా వేయించుకున్న కుక్కలకు ఇంకొన్ని షరతులు వర్తిస్తాయి. మధ్యలో మరో దేశంలో విమానం మారినంత మాత్రాన ఈ షరతులు తప్పవు. గడిచిన ఆరు నెలల్లో కుక్క ఏయే దేశాల్లో ఉందన్నదే లెక్క.

రోజుల లెక్కను కూడా ఒకసారి కాగితం మీద వేసుకోవడం మంచిది. రేబిస్ టీకా చెల్లాలంటే పిల్లకు కనీసం 12 వారాలు, అంటే 84 రోజులు నిండాలి. మొదటి టీకా వేసిన 30 రోజుల తర్వాతే రక్తం తీసి, రేబిస్‌ను ఎదుర్కొనే ప్రతిరక్షకాలు తగినంత ఉన్నాయో లేదో పరీక్షకు పంపాలి. ఆ రక్తం తీసిన రోజుకూ అమెరికాలో దిగే రోజుకూ మధ్య కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. మొత్తం కలిపితే 142 రోజులు. ఆరు నెలలంటే సుమారు 182 రోజులు కనుక, సరైన సమయానికి మొదలుపెట్టినవారికి దాదాపు 40 రోజుల వెసులుబాటు ఉంటుంది. ల్యాబ్ నుంచి ఫలితం రావడానికే కొన్ని వారాలు పట్టవచ్చు కాబట్టి ఆ 40 రోజులను సెలవులుగా భావించకండి.

మేము తప్పు చేసింది ఇక్కడే. మూడో నెల నిండగానే మాకు దగ్గరలో ఉన్న క్లినిక్‌లో రేబిస్ టీకా వేయించాం, చిప్పు మాత్రం ఆ తర్వాత నెలకు వేయించాం. టీకా పుస్తకం చక్కగా ఉంది, ముద్ర ఉంది, సంతకం ఉంది. కానీ చిప్పు కంటే ముందు వేసిన టీకా చెల్లదు. ఎందుకంటే ఆ టీకా వేయించుకున్నది ఈ కుక్కే అనడానికి చిప్పు తప్ప మరో ఆధారం లేదు. పిల్లకు ఐదున్నర నెలలు వచ్చాక, కాగితాలు పరిశీలించిన అధికారి ఈ విషయం చెప్పేదాకా మాకు తెలియలేదు. మళ్లీ టీకా, మళ్లీ 30 రోజులు, మళ్లీ 28 రోజులు. అందుకే టీకా రోజున మీరు దగ్గర నిలబడి, ముందు స్కానర్‌తో చిప్పు చదివించి, అందులో కనిపించే 15 అంకెల సంఖ్యను టీకా వివరాలున్న పేజీలోనే రాయించి, ఒక్కొక్క అంకెనూ సరిచూసుకోండి. చిప్పు ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణానికి సరిపోయేది కావాలని డాక్టరుకు ముందే చెప్పండి.

ఇంకా కుక్కపిల్లను కొనని వారికి ఒక మాట. మన దగ్గర 45 రోజుల పిల్లలను అమ్మడం మామూలైపోయింది. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, విక్రయ నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అంత చిన్న పిల్లను వేరే నగరం నుంచి విమానంలో పంపుతామనే అమ్మకందారు మాట నమ్మవద్దు. తల్లి పాలు మానీమానని, పార్వో అనే ప్రాణాంతక వైరస్ వ్యాధికి టీకాలు పూర్తికాని పిల్లకు విమానాశ్రయపు రద్దీ ప్రాణాపాయం. ఫొటో చూపించి అడ్వాన్సు తీసుకుని, ఆపైన పెట్టెకనీ బీమాకనీ డబ్బు గుంజే మోసాలు కూడా ఈ రూపంలోనే జరుగుతున్నాయి. స్వయంగా వెళ్లి, తల్లి కుక్కను చూసి తెచ్చుకోవడమే సరైన పద్ధతి.

రక్త పరీక్షను సీడీసీ ఆమోదించిన ల్యాబ్‌లోనే చేయించాలి. ఫలితం మిల్లీలీటరుకు 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) లేదా అంతకంటే ఎక్కువ రావాలి. ఈ ఫలితం లేకుండా వెళితే కుక్కను అమెరికాలోని జంతు సంరక్షణ కేంద్రంలో 28 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు. ఆ ఖర్చు యజమానిదే, ఆ ఒంటరితనం కుక్కది. పరీక్ష తప్పనిసరి కాదని, డబ్బు మిగులుతుందని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి.

ఫలితం ఉన్నా సరే, మన దేశంలో టీకా వేయించుకున్న కుక్క అమెరికాలో ఏ విమానాశ్రయంలో పడితే అక్కడ దిగడానికి వీల్లేదు. సీడీసీ వద్ద నమోదైన జంతు సంరక్షణ కేంద్రం ఉన్నచోటే దిగాలి. ఈ నిబంధనలు వచ్చినప్పుడు అలాంటివి ఆరే ఉన్నాయి: న్యూయార్క్ జేఎఫ్‌కే, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డల్లెస్, అట్లాంటా, మయామి, లాస్ ఏంజిలెస్. టికెట్టు కొనే ముందు సీడీసీ వెబ్‌సైట్‌లో అప్పటి జాబితా చూసుకోండి. జేఎఫ్‌కే, ఫిలడెల్ఫియా దగ్గరే కాబట్టి న్యూజెర్సీలో ఉండేవారికి ఇది పెద్ద ఇబ్బంది కాదు గానీ, మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ ఆ ఆరింటిలో లేదు. అక్కడికి వెళ్లేవారు ముందు వీటిలో ఒకచోట దిగి, కేంద్రంలో కుక్కకు పరీక్ష, అమెరికా టీకా అయ్యాక ముందుకు సాగాలి. ఆ కేంద్రంలో చోటు ముందుగానే రిజర్వు చేసుకోవాలి. చోటు దొరికిన తేదీని బట్టి విమానం చూసుకోవాలి.

కాగితాల్లో ముఖ్యమైనది ‘విదేశీ రేబిస్ టీకా, మైక్రోచిప్పు ధ్రువీకరణ’ అనే సీడీసీ పత్రం. దీన్ని మీ పశువైద్యుడు నింపాక ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించాలి. కుక్కను దేశం దాటించడానికి కావలసిన ఆరోగ్య ధ్రువపత్రాన్ని కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం ఏక్యూసీఎస్ ఇస్తుంది. హైదరాబాదులోనూ ఆ కేంద్రం ఉంది. ప్రయాణానికి రెండు నెలల ముందే అక్కడికి వెళ్లి ఏయే కాగితాలు, ఎన్ని రోజుల ముందు తేవాలో రాసుకుని రండి. సీడీసీ కుక్కల దిగుమతి ఫారమ్‌ను ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి రుసుము లేదు. అందులో కుక్క ఫొటో కూడా పెట్టాలి. కాగితాల్లో లోపముంటే కుక్కను యజమాని ఖర్చుతోనే వెనక్కి పంపించే అధికారం అమెరికా అధికారులకు ఉంది.

విమానయాన సంస్థతో మాట్లాడేటప్పుడు నోటిమాటతో సరిపెట్టుకోకుండా, కుక్క జాతి, బరువు, క్రేట్ (కుక్కను ఉంచి తీసుకువెళ్లే పెట్టె) కొలతలు చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే పగ్, షిట్జూ వంటి చప్పిడి ముక్కు జాతులకు వేడిలోనూ ఆందోళనలోనూ ఊపిరి కష్టమవుతుంది కాబట్టి చాలా సంస్థలు వాటిని విమానం అడుగుభాగంలో ఎక్కించుకోవు. ఇతర జాతులకైనా ఏప్రిల్, మే నెలల్లో పగటి విమానం వద్దు. గాలిలో ఉన్నంతసేపు జంతువులను ఉంచే గదిలో గాలి పీడనం, ఉష్ణోగ్రత అదుపులోనే ఉంటాయి. అసలు ప్రమాదం విమానం పక్కన ఎండలో క్రేట్ ఎదురుచూసే ఆ కొద్ది నిమిషాలలో ఉంటుంది. రాత్రి లేదా తెల్లవారుజామున బయలుదేరే విమానం ఎంచుకోండి.

క్రేట్ కొలతకు విమానయాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా సూత్రం ఒకటి ఉంది. ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు ఉన్న పొడవుకు, నేల నుంచి ముందుకాలి మోచేయి వరకు ఉన్న ఎత్తులో సగం కలిపితే క్రేట్ పొడవు వస్తుంది. భుజాల వెడల్పుకు రెట్టింపు క్రేట్ వెడల్పు. నిలబడినప్పుడు తల లేదా చెవుల కొసలు, ఏది ఎత్తయితే అంత లోపలి ఎత్తు, దానిపైన పరుపు మందం. ఉదాహరణకు పొడవు 76, మోచేయి ఎత్తు 30, భుజాల వెడల్పు 22, తల ఎత్తు 58 సెంటీమీటర్లు ఉన్న కుక్కకు 91 పొడవు, 44 వెడల్పు, 60కి పైగా ఎత్తు కావాలి. నాలుగో నెలలో కొలిచి కొన్న క్రేట్ ఆరో నెలకు ఇరుకైపోతుందని గుర్తుంచుకోండి. రెండు భాగాలను కలిపేచోట ప్లాస్టిక్ క్లిప్పులు కాకుండా లోహపు బోల్టులు బిగించాలి. నీళ్ల గిన్నెను తలుపు తెరవకుండా బయటి నుంచే నింపగలిగేలా అమర్చాలి.

కనీసం నెల రోజుల ముందు నుంచి ఆ క్రేట్‌ను హాల్లో ఒక మూల, తలుపు తీసి ఉంచండి. అన్నం అందులోనే పెట్టండి. తనంతట తాను లోపలికి వెళ్లి పడుకోవడం అలవాటయ్యాక తలుపు ఐదు నిమిషాలు, ఆ తర్వాత అరగంట, ఆ తర్వాత రాత్రంతా మూసి చూడండి. మా పిల్ల మొదటి వారం అందులో కాలు కూడా పెట్టలేదు. అమ్మ పాత చీర పరిచిన రోజున వెళ్లి ముడుచుకుని పడుకుంది. ప్రయాణంలోనూ ఆ చీరే పరిచాం. చేసిన పనులన్నిటిలో దానికి నిజంగా మేలు చేసింది ఇదేనని నేను నమ్ముతున్నాను.

మత్తుమందు మాత్రం ఇవ్వకండి. పాపం, నిద్రపోతూ వెళ్తుందని పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ ఆ మందు రక్తపోటును తగ్గిస్తుంది, ఒంటి వేడిని సర్దుకునే శక్తిని దెబ్బతీస్తుంది, విమానం ఊగినప్పుడు కుక్క నిలదొక్కుకోలేకపోతుంది. ఏదైనా జరిగితే చూడడానికి అక్కడ ఎవరూ ఉండరు. బయలుదేరడానికి నాలుగైదు గంటల ముందు తేలికపాటి తిండి పెట్టి, ఆఖరి నిమిషం వరకు నీళ్లు తాగనిచ్చి, క్రేట్‌లో పెట్టే ముందు బయట బాగా తిప్పండి. గిన్నెలో నీళ్లను ముందే గడ్డకట్టించి పెడితే ఒలికిపోకుండా కొంచెం కొంచెంగా కరుగుతూ అందుతాయి. తిండి పొట్లం, కాగితాల నకళ్లు, మీ ఫోన్ నంబరు క్రేట్ పైన అంటించండి.

అమెరికా చేరాక ఎప్పుడైనా కుక్కను సెలవులకు ఇక్కడికి తీసుకురావాలనుకుంటే, బయలుదేరకముందే అక్కడి టీకా ధ్రువపత్రంపై అమెరికా వ్యవసాయ శాఖ ఆమోదం తీసుకోండి. అది ఉంటే తిరుగు ప్రయాణంలో రక్త పరీక్ష, కేంద్రంలో చోటు అక్కర్లేదు.

దిగిన తర్వాత క్రేట్ చేతికి రాగానే జనం మధ్య తలుపు తెరవవద్దు. బెదిరిన కుక్క ఒక్కసారి చేయి దాటిపోతే ఆ కొత్త ఊళ్లో పట్టుకోవడం కష్టం. ముందు తలుపు సందులోంచి మెడపట్టీకి తాడు తగిలించి, నిశ్శబ్దంగా ఉన్నచోట దించి, కొద్దికొద్దిగా నీళ్లు పట్టించండి. తిండి రెండు గంటలు ఆగి పెట్టినా ఫరవాలేదు. ఆ రాత్రి మీరు పడుకునే గదిలోనే, అదే పాత చీరతో, క్రేట్ తలుపు తీసి ఉంచండి.