ఆయుధ పూజకు బండి తుడిచే ముందు: ఇంజన్ ఆపాకే చైన్ ముట్టుకోండి

మొన్న ఆదివారం మా వీధిలో ఇంటర్ చదివే పిల్లాడికి చూపుడువేలు, మధ్యవేలు తెగిపోయాయి. ఆయుధ పూజకు బండి మెరవాలని వాకిట్లో బండల మీద మెయిన్ స్టాండ్ వేశాడు. ఇంజన్ స్టార్ట్ చేసి, గేర్ వేసి, తిరుగుతున్న చైన్‌కు కిరసనాయిలు గుడ్డ అదిమి పట్టాడు. నేను పరిగెత్తి వెళ్లేసరికి వాళ్ల నాయన ఆ చేతిని తువ్వాలుతో బిగించి పట్టుకుని ఉన్నాడు. ఇంజన్ ఇంకా ఆడుతూనే ఉంది. చిరిగిన గుడ్డ ముక్క, చైన్ ఎక్కి తిరిగే పళ్ల చక్రమైన స్ప్రాకెట్‌తో పాటు గిరగిరా తిరుగుతోంది.

కడపలో ఇరవై రెండేళ్లుగా బండ్లు బాగు చేస్తున్నాను. ఇలా వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను ఈ పిల్లాడితో కలిపి నలుగురిని చూశాను. నలుగురూ చేసింది ఒకటే తప్పు: ఇంజన్ ఆడుతుండగా చైన్ దగ్గర చెయ్యి పెట్టారు.

ఎందుకు పెడతారో నాకు తెలుసు. గేర్ వేస్తే చైన్ దానంతట అదే తిరుగుతుంది, గుడ్డ పట్టుకుంటే చాలు, పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. కొన్ని షెడ్లలో మెకానిక్‌లు అలా చేయడం మీరు చూసే ఉంటారు. వాళ్లు చేసేదీ తప్పే. ఫస్ట్ గేర్‌లో, యాక్సిలరేటర్ ముట్టుకోకపోయినా చైన్ సెకనుకు దాదాపు అడుగు నడుస్తుంది. స్ప్రాకెట్‌కు బెత్తెడు దూరంలో మీ చెయ్యి ఉందనుకోండి. గుడ్డ పోగు ఒకటి లింకుకు తగులుకుంటే, వదిలేయాలని మీకు తోచేలోపే వేలు పళ్ల మధ్యకు వెళ్లిపోతుంది. వేలు అడ్డం పడితే ఇంజన్ ఆగుతుందిలే అనుకోకండి. ఇద్దరు మనుషుల్ని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు ఎక్కే గేరు అది.

కాబట్టి ముందు న్యూట్రల్ చేయండి. ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. చెవి బండికే ఉంటే చిన్నపిల్లలు సెల్ఫ్ నొక్కుతారు. చక్రాన్ని చేత్తో, వెనక్కి తిప్పండి. వెనక్కి తిప్పితే కింది చైన్ వెనక స్ప్రాకెట్ పళ్లలోంచి బయటికి వస్తుంది. ముందుకు తిప్పితే లోపలికి పోతుంది, గుడ్డనూ లాక్కుంటుంది. తుడిచేటప్పుడు చెయ్యి కింది చైన్ మధ్యలోనే ఉండాలి. ఒక చెయ్యి తుడుస్తుంటే ఇంకో చేత్తో చక్రం జోరుగా తిప్పకండి. కొంచెం తిప్పి, ఆపి, తుడవండి.

ఇక టైట్ చేయడం. రెండు స్ప్రాకెట్ల మధ్య కింది చైన్‌ను వేలితో పైకీ కిందికీ కదపండి. చాలా 100, 125 సీసీ బండ్లకు అంగుళం అటూఇటూగా లూజు ఉండాలి. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అదే లెక్క. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడే సెట్ చేయండి. చప్పుడు పోవాలని తీగలాగా బిగిస్తారు చాలామంది. స్టాండ్ మీద బాగానే ఉంటుంది. దసరా చూడ్డానికి ప్రొద్దుటూరుకు ఇద్దరెక్కి బయల్దేరితే షాక్ అబ్సార్బర్లు దిగుతాయి, చైన్ ఇంకా బిగుసుకుంటుంది, బేరింగులు పోతాయి, చైన్ తెగినా తెగుతుంది. మరీ లూజైతే ఊడి పడి చక్రాన్ని పట్టేస్తుంది.

వెనక చక్రం ఇరుసుకుండే యాక్సిల్ నట్ లూజు చేశాక రెండు వైపులా చక్రాన్ని వెనక్కి జరిపే అడ్జస్టర్‌ను పావు చుట్టు చొప్పున సమానంగా తిప్పండి. రెండు వైపులా గీతలు ఒకే లెక్కకు రావాలి. నట్ బిగించాక లూజు మళ్లీ చూడండి, మారుతుంది. నట్ ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ ఉంటే కొత్తది వేయండి. డ్రమ్ బ్రేకయితే చక్రం వెనక్కి జరిగినందుకు బ్రేక్ పట్టేస్తుంది, అదీ సరిచేయండి.

సైడ్ స్టాండ్ మీద ఈ పని వద్దు. లుంగీ కట్టుకుని కూర్చోవద్దు. చున్నీ, కొంగు, ఉంగరం, చేతి దారం ఏవీ చైన్ దగ్గరికి రాకూడదు. పిల్లలు అవతలే ఉండాలి. సైలెన్సర్ చల్లారేదాకా ఆగండి. పెట్రోల్‌తో కడగొద్దు. గ్రీజు పూయొద్దు, మన ఎర్ర దుమ్ము దానికి అంటుకుని లింకుల్ని అరగదీస్తుంది. గేర్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా వేసి, మిగిలింది తుడిచేయండి. టైరు మీద పడనివ్వొద్దు. చైన్ రెండు కొసల్ని కలిపే లింకు మీది లాక్ క్లిప్ మూసిన వైపు చైన్ నడిచే దిక్కుకే ఉండాలి. ఆయిల్ అంతటా పట్టాలని చివర్లో ఒక్కసారి గేర్ వేసి తిప్పాలనిపిస్తుంది. వేయొద్దు. ఇంజన్ ఆడుతుంటే చెయ్యి అక్కడ ఉండకూడదు, ఒక్క సెకను కూడా.

వేలు ఇరుక్కుంటే లాగకండి. ఇంజన్ ఆపి, న్యూట్రల్ చేసి, చక్రాన్ని మెల్లగా వెనక్కి తిప్పండి. రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి 108కు ఫోన్ చేయండి. తెగిన ముక్కను తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవరును ఐసు కలిపిన నీళ్లలో పెట్టండి. ముక్కకు నేరుగా ఐసు తగలకూడదు. ఆ కవరు మనిషితో పాటే అంబులెన్సు ఎక్కాలి. మా వీధిలో ఆ హడావుడిలో అది వాకిట్లోనే ఉండిపోయింది.